పాప చెవుల్లో నూనె

పాపకు స్నానం చేయించేది మా అత్తే. కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టి, చివరికి రెండు చెవుల్లోనూ గోరువెచ్చటి కొబ్బరినూనె చుక్కలు వేసేది. ఇప్పుడు ఆ వాసనంటేనే నాకు ఏడుపొస్తుంది. చిన్నప్పుడు నా చెవుల్లోనూ ఆమే పోసింది. అత్తగారు కాకముందు ఆమె నాకు మేనత్త. నేను పుట్టగానే తన కొడుక్కి ఖాయం చేసుకుందట.

నారాయణగూడ ఆసుపత్రిలో పాప పుట్టిన మర్నాడు ఒక అమ్మాయి వచ్చి, దాని చెవిలో చిన్న గొట్టం పెట్టి చూసింది. వినికిడి పరీక్ష రెండు చెవుల్లోనూ సరిగా రాలేదు, కొన్నాళ్లకు మళ్లీ తీసుకురండి అంది. పుట్టిన బిడ్డ చెవుల్లో నీళ్లుంటాయని, అవే పోతాయని అత్త కొట్టిపారేసింది. కుట్ల నొప్పితో ఉన్న నేను సరే అనుకున్నాను.

రెండోసారి అత్తా నేనూ వెళ్తే, చెవుల నిండా నూనె ఉందని పరీక్షే చేయలేదు. డాక్టరమ్మ మా ఇద్దరికీ చీవాట్లు పెట్టింది. చదువుకున్నదాన్ని, నాకైనా బుద్ధుండాలట. తిట్లు తిని అంత సంతోషపడటం నా జన్మలో అదొక్కసారే. నూనె అడ్డం పడింది, అంతే. చిక్కడపల్లి వచ్చేదాకా ఆటోలో ఇద్దరం నవ్వుకుంటూనే ఉన్నాం.

నూనె మానేశాం. నాకు కొత్త పిచ్చి పట్టింది. పాప తల వెనక నిలబడి స్టీలు పళ్లెం మీద గరిటెతో కొట్టేదాన్ని. ఉలిక్కిపడితే పండగ. కదలకపోతే నిద్రమత్తు అనుకునేదాన్ని. ఆ చప్పుడేమిటని కిందింటివాళ్లు అడిగితే ఎలుకలను తరుముతున్నానని చెప్పాను.

మూడోసారి పాపను నిద్రపుచ్చి, తలకు తీగలు అతికించి చాలాసేపు చూశారు. రెండు చెవులూ వినపడవన్నారు. మిషన్లు, ఆపరేషన్ అంటూ డాక్టరమ్మ ఏదో చెబుతోంది, నాకేమీ తలకెక్కలేదు. మేనరికమా అని అడిగింది. అదీ ఒక కారణం కావచ్చునని, రక్తపరీక్ష చేస్తే తెలుస్తుందని అంది. అత్త తల దించుకుంది.

ఇంటికి వస్తుంటే ఆటో ఫ్లైఓవర్ దగ్గర ఆగిపోయింది. చుట్టూ హారన్లు. పాప హాయిగా నిద్రపోతోంది. నాకు ఎవరిని తిట్టాలో తెలియదు. అంత దిక్కులేనితనం నేనెప్పుడూ ఎరగను. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"నూనె పోసింది నేనే గద బిడ్డా. దానితోనే ఇట్లయిందని అందరికి చెప్పు, ఆ మాటలు నేను పడత. పెండ్లితోని అయిందని మాత్రం అనకు."

నూనె అయితే తుడిస్తే పోయేది. అది ఆమెకూ తెలుసు. సరే అన్నాను.