గంజి పెట్టిన మరచేయి

మొన్న ఆదివారం వనపర్తిలో క్షవరానికి కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద టీవీలో వార్తలు వస్తున్నాయి. చంద్రుడికి అవతల, ఎక్కడో చాలా దూరాన, మనుషులు నెలల తరబడి ఉండడానికి ఒక ఇల్లు సిద్ధం చేస్తున్నారట, దానికి బయట పనులు చేసే మరచేతులు అమరుస్తారట, ఎండను పట్టి కరెంటు చేసే రెక్కలు బిగిస్తారట. ఆ బొమ్మలో పొడవాటి చెయ్యి ఒకటి మోచేతి దగ్గర వంగి, మడతపెట్టిన రెక్కను పట్టుకుని మెల్లగా విప్పుతుంటే ఉన్నచోట ఉండలేక "ఇది మేం చేశాం" అంటూ ఒక్కసారిగా తల తిప్పాను. కత్తి చెవి పక్కన గీసుకుంది. "జర నిమ్మలంగ కూసో సార్, చెవు పోతుండె" అని క్షవరం చేసే అతను పటిక రాస్తూ విసుక్కున్నాడు గాని నాకు ఆ మంట తెలియనే లేదు, ఎందుకంటే అప్పటికే నా మనసు ఇరవై ఏళ్లు వెనక్కి, గద్వాలలోని ఒక బడిగదిలోకి వెళ్లిపోయింది.

అప్పటికి నాకు ముప్ఫై దాటాయి. బీఎస్సీ, బీఈడీ చేసి, టీచరు ఉద్యోగాల పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకుని, గద్వాలలో ఒక ఆడపిల్లల ఉన్నత పాఠశాలలో విద్యా వాలంటీరుగా చేరాను. విద్యా వాలంటీరంటే ఏమిటో మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు. పాఠం చెప్పేటప్పుడు సారు, స్టాఫు రూములో కుర్చీలు తక్కువైతే మాత్రం నిలబడాల్సింది మనమే. దానికి తోడు నాకు ముక్కుమీద కోపం, నోటి దురుసు, చేయగలిగినదానికన్నా నాలుగింతలు చెప్పే అలవాటు. ఈ మూడూ ఇప్పటికీ తగ్గలేదని మా ఆవిడ అంటుంది.

ఆ బడిలో సైన్సు గదికి ఏళ్లుగా తాళం వేసి ఉండేది. పెద్ద మేడంను బతిమాలి తాళం తీయించి, పగిలిన గాజు గొట్టాలు ఏరి పారేసి, బల్లలు కడిగి, తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురిని వెంటేసుకుని సాయంత్రాలు అక్కడే గడిపేవాణ్ణి. సరిగ్గా ఆ రోజుల్లోనే బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. బియ్యం బస్తాలు వరండాలో వానకు తడుస్తున్నాయి, పెట్టడానికి మరో గది లేదు. పెద్ద మేడం చెడ్డమనిషి కాదు, ముక్కిపోయిన బియ్యం పిల్లలకు వండిపెట్టలేక సతమతమవుతున్న మనిషి. ఆమె చూపు మాటిమాటికీ నా గది వైపు తిరుగుతుండేది.

ఇంతలో జిల్లా విజ్ఞాన ప్రదర్శన నాగర్‌కర్నూల్‌లో పెడుతున్నారని కబురొచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందే ఆకాశంలో కడుతున్న ఒక ఇంటి బొమ్మ పేపర్లో చూసి ఉన్నానేమో, స్టాఫు మీటింగులో ఎవరూ అడగకముందే లేచి, మా బడి తరఫున అంతకన్నా దూరపు ఇల్లు చేస్తామని, దానికి మరచేయి ఉంటుందని, కరెంటు కూడా అదే తయారు చేసుకుంటుందని చెప్పేశాను. అందరూ నవ్వారు. పెద్ద మేడం మాత్రం నవ్వకుండా, "మంచిది సార్. గా చెయ్యి అక్కడ అందరి ముంగట లేసి పనిజేసిందనుకో, గది నీదే. లేవలేదనుకో, తెల్లారి బస్తాలు లోపలికొస్తయ్, మల్ల నన్నేమనొద్దు" అంది. నోరు జారిన సంగతి అప్పటికి గాని నాకు తెలియలేదు.

ఇక ఆ రెండు నెలల ఆనందం ఎలా చెప్పను! రంగులు అద్దేవాళ్ల దగ్గర ఒక ప్లాస్టిక్ డ్రమ్ము అడిగి తెచ్చాం, అదే మా ఇల్లు. ఎన్నిసార్లు కడిగినా ఎరుపు దిగుతూనే ఉండేది, పదిహేను రోజులు మా నలుగురి అరచేతులూ పెళ్లివారి చేతుల్లా ఉన్నాయి. చెడిపోయిన సోలారు లాంతరు నుంచి పలక ఊడదీసి డ్రమ్ము పక్కన మడతపెట్టినట్టు అమర్చాం. వెదురు బద్దలతో చెయ్యి చేశాం, భుజం ఒకటి, మోచెయ్యి ఒకటి, పట్టుకునే వేళ్లు రెండు. పెద్ద బల్బును సూర్యుడనుకోవాలి. చెయ్యి కదిలి, పలకను పట్టుకుని, విప్పి, సూర్యుడి వైపు తిప్పితే ఇంట్లో చిన్న దీపాలు వెలగాలి, అంతే మా ప్రదర్శన.

మోటార్ల కోసం ఆదివారం బస్సెక్కి వనపర్తికి, మా నాన్న దగ్గరికి వెళ్లాను, మేం ఆయన్ని అబ్బా అంటాం. ఆయనది మోటారు వైండింగు దుకాణం. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు ఆయన పద్ధతి, నేను దుకాణంలో కాలు పెడితే నాతోనూ తెలుగే. పాత టేపురికార్డర్ల మోటార్లు మూడు వెతికిపెట్టి, నేను చెప్పిందంతా విని, "మోటారు ఉరుకుతది, చెయ్యి మెల్లగ నడవాలె. నడుమ ఎవరన్న ఆపాలె గదా?" అని గడియారపు పళ్ల చక్రాలు బిగించాడు. తర్వాత కాసేపు ఆలోచించి ఇంకో మాట అడిగాడు. "చెయ్యి లేస్తెనే పలక తెరుసుకుంటది, పలక తెరుసుకుంటెనే కరెంటు. మరి మొట్టమొదలు చెయ్యి లేసుడెట్ల?" బీఎస్సీ చదివిన నాకు తట్టలేదది! ఆయనే ఒక పాత స్కూటరు బ్యాటరీ ఇచ్చి, ఆ మొదటి కదలికకు మాత్రం ఇది, తర్వాత ఎండ చూసుకుంటుంది అన్నాడు. ఆ రోజు తిరుగు బస్సులో బ్యాటరీ ఒళ్లో పెట్టుకుని, నిజంగానే ఎక్కడికో దూరానికి వెళ్తున్నవాడిలా కూర్చున్నాను.

చేతిని లాగడానికి తాళ్లు కావాలి. నా ముగ్గురు పిల్లల్లో ఒకమ్మాయిది మగ్గం ఇల్లు, గద్వాల చీరలు నేసేవాళ్లు. మాటలు తక్కువ. నెలలో నాలుగైదు రోజులు బడికి ఆలస్యంగా వచ్చేది, ఎందుకని అడిగితే ఇంట్లో అతుకులు అనేది. మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల కొసల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి, వేలకు వేల పోగులు, ఇల్లంతా కూర్చోవాలి. నాకది తెలిసీ ఒకసారి క్లాసంతా వినేట్టు, ఆ అతుకులు నీకు అన్నం పెడతాయా, చదువు పెడుతుందా అని కసిరాను. ఆ పిల్ల తల వంచుకుంది గాని మర్నాడే పడుగు నూలు ఇంత తెచ్చి ఇచ్చింది. ఎనిమిదేసి పోగులు పేని తాళ్లు చేసి, బాగా గంజి పట్టించి ఎండలో ఆరబెట్టింది. గంజి పెట్టని నూలును నమ్మే ఇల్లు గద్వాలలో ఉండదు. నిజంగానే తాళ్లు తీగల్లా బిర్రుగా నిలబడ్డాయి, వెదురుకు వేసిన సన్నటి బెజ్జాల్లోంచి ఎక్కడా ఆగకుండా జారాయి. నేను పొంగిపోయి ఇంత గంజి ఇంకా పట్టించమన్నాను.

మొదటిసారి చెయ్యి లేచిన సాయంత్రం గది ఊడుస్తున్న ఆయమ్మ చీపురు పడేసి "అమ్మో, దయ్యం పట్టింది దీనికి" అని బయటికి పరుగెత్తింది. పలక విచ్చుకుంది, డ్రమ్ములో దీపాలు వెలిగాయి. మేం నలుగురం బల్ల చుట్టూ గంతులేశాం. నేను కూడా, అవును, ముప్ఫై దాటినవాణ్ణి.

డ్రమ్మును దుప్పట్లో చుట్టి, ఎర్రవల్లి చౌరస్తాలో ఒక బస్సు, వనపర్తిలో ఒక బస్సు మారి, కండక్టర్లతో పోట్లాడుకుంటూ నాగర్‌కర్నూల్ చేరాం. సాయంత్రమే ఒక బడి హాల్లో మా బల్ల మీద అంతా అమర్చి, రెండుసార్లు నడిపి చూసుకుని, దుప్పటి కప్పి, తృప్తిగా బసకు వెళ్లిపోయాం. ఆ హాలు పక్క గదిలోనే ఆ బడివాళ్ల బియ్యం బస్తాలున్న సంగతి నేను పట్టించుకోలేదు.

పొద్దున వెళ్లి దుప్పటి తీస్తే చెయ్యి చచ్చిపడి ఉంది. తాళ్లన్నీ ముక్కలు ముక్కలు. "ఎలుకలు కొరికినయ్ సార్, గంజి వాసనకొచ్చినయ్" అంది మగ్గం ఇంటి అమ్మాయి, తప్పంతా తనదే అయినట్టు. తీగలు వదిలేశాయి, వెదురు వదిలేశాయి, వెతికి వెతికి గంజి పట్టించిన నూలునే తిన్నాయి. ఇంత ఇంకా పట్టించమన్నది నేనే. పైగా అప్పటికే హాల్లో తాడు కట్టేశారు, తొమ్మిది దాటితే పిల్లలు తప్ప టీచర్లెవరూ తాడు దాటి నమూనాను ముట్టకూడదని నియమం. తొమ్మిదయింది. నేను తాడు ఇవతల నిలబడిపోయాను. నా కళ్ల ముందు గదిలోకి బస్తాలు వచ్చేస్తున్నాయి.

ముళ్లు వేయండి, ముళ్లు వేయండి అని అరిచాను. వేశారు. మోటారు తిప్పగానే ముడి వెళ్లి బెజ్జం దగ్గర ఇరుక్కుంది, చెయ్యి భుజం దగ్గరే వణికి ఆగింది. నాకు తెలిసిన విద్య అక్కడితో అయిపోయింది. ఆ పిల్ల ఒక క్షణం దాన్ని చూసి, నా వైపు చూడకుండా, వేసిన ముళ్లన్నీ విప్పేసి పరుగున బయటికి వెళ్లింది. భయపడి పారిపోయిందనుకున్నాను. వంటవాళ్ల కట్టెల పొయ్యిలోంచి గుప్పెడు బూడిద తెచ్చి బల్ల మీద పోసి, పోగు జారకుండా వేళ్లకు అద్దుకుని, తెగిన తాళ్ల పోగులు విడదీసి కొసకు కొస కలిపి మెలిపెట్టడం మొదలుపెట్టింది. బొటనవేలు, చూపుడువేలు, ఒక్క రాపిడి, పోగు అతికిపోయేది. ఆ వేగాన్ని నేను అంతకుముందు చూడలేదు, చూడడానికి వాళ్లింటికి ఎప్పుడైనా వెళ్తే కదా! అటు పక్క న్యాయనిర్ణేతలు వరసగా వచ్చేస్తున్నారు. మిగతా ఇద్దరిలో వాగుడుకాయ ఒకతి ఉంది, ఆ పిల్ల వాళ్లకు ఎదురెళ్లి, అంతరిక్షంలో గాలి ఎందుకుండదో, గాలి లేకపోయినా కరెంటు దీపం ఎందుకు ఆరదో, అడిగినదీ అడగనిదీ చెబుతూ వాళ్లను రెండు బల్లల అవతలే నిలబెట్టింది. రెండోది తాళ్ల కొసలు బిగించి పట్టుకుంది. నేను తాడు ఇవతల చెమటలు కక్కుతూ, నోరు మూసుకుని, జీవితంలో మొదటిసారి ఎవరికీ ఏమీ చెప్పకుండా నిలబడ్డాను.

వాళ్లు మా బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆఖరి తాడు చక్రం మీదికి ఎక్కింది. పిల్లలు మీట నొక్కారు. చెయ్యి ఒకసారి ఊగింది. అతుకులు బెజ్జాల్లోంచి ఏమీ లేనట్టు జారిపోయాయి. మోచెయ్యి వంగింది, వేళ్లు పలకను పట్టాయి, పలక విచ్చుకుని బల్బు వైపు తిరిగింది, ఎర్రటి డ్రమ్ములో దీపాలన్నీ వెలిగాయి. హాలంతా చప్పట్లు. వచ్చినవాళ్లలో పెద్దాయన బల్ల మీద బూడిదను వేలితో తీసి చూసి, సంగతంతా విని, అంత దూరాన తాడు తెగితే అప్పుడెవరు అతుకుతారమ్మా అని అడిగాడు. ఆ పిల్ల బూడిద చేతులు వెనక్కి పెట్టుకుని, "అతుకుడు వచ్చినోళ్లను ఒకరిని ఎంబడి తోల్కపోవాలె సార్" అంది. ఆయన పెద్దగా నవ్వి ఏదో రాసుకున్నాడు. నాకు మాత్రం క్లాసులో నేనన్న మాట గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం నన్ను క్షమించమని ఆమెను అడిగాను, ఆ పిల్ల కంగారుపడి పక్కవాళ్ల వెనక్కి నక్కింది.

రెండో బహుమతి వచ్చింది. పెద్ద మేడం ప్రార్థన సమావేశంలో ముగ్గురినీ పేరుపేరునా పిలిచి మెచ్చుకుని, నాతో, "నువ్వున్నన్ని దినాలు గా గది జోలికి రాను సార్" అంది. బస్తాలకు వరండాలోనే రేకులు వేయించింది. ఆ ఏడు మిగిలిన నెలలన్నీ ఆ గది మాదే. సెలవులిచ్చే రోజు మగ్గం ఇంటి అమ్మాయి తనంతట తానే వచ్చి, "ఒచ్చే ఏడు నడిసేది జేద్దామా సార్?" అని అడిగింది. చేద్దాం, బడి తెరిచిన రోజే మొదలుపెడదాం అన్నాను.

ఆ వేసవిలోనే టీచరు పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడోసారి గెలిచాను. గోపాల్‌పేట దగ్గర ఒక ఊళ్లో పక్కా ఉద్యోగం. అబ్బా దుకాణానికి వచ్చినవాళ్లందరికీ మిఠాయి పంచాడు. ఆ సంబరంలో గద్వాల సంగతి గుర్తు రాలేదని చెప్పుకోవచ్చు గాని అది అబద్ధం, గుర్తొచ్చింది, వెళ్లి చెప్పి రావాలనుకున్నాను, ఈ వారం కాదు వచ్చే వారం అనుకుంటూ ఉండిపోయాను. వానాకాలం మధ్యలో ఆయమ్మ వనపర్తి బస్టాండులో కనిపించి చెప్పింది. బడి తెరిచిన రోజు ముగ్గురూ గది ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డారట, సారు వస్తడని. తర్వాత హమాలీలు బస్తాలతో వస్తే, ఎవరూ చెప్పకముందే డ్రమ్మును, చేతిని వాళ్లే మోసుకొచ్చి వరండాలో పెట్టి క్లాసుకు వెళ్లిపోయారట. పెద్ద మేడం మాట తప్పిందేమీ లేదు.

ఇప్పుడు బడుల్లో ప్రయోగశాలలున్నాయి, మరచేతులు పెట్టెల్లో సిద్ధంగా వస్తున్నాయి, బియ్యానికి వేరే గదులున్నాయి, ఒక వాలంటీరు ఉంటేనే గది ఉంటుందన్న బాధ ఏ పిల్లలకూ లేదు. టీచరు బదిలీ అయితే ఆ సాయంత్రానికే పిల్లల ఫోన్లకు కబురు అందుతుంది. ఇదే మేలు, పాత రోజులే బంగారమని నేననను. ఆ ముగ్గురికీ ఇప్పుడు ముప్ఫై అయిదు దగ్గర పడి ఉంటాయి. వాళ్లెక్కడున్నారో కనుక్కోవడం కష్టమేమీ కాదు, పాత విద్యార్థుల గ్రూపులో ఒక్క మాట అడిగితే చాలు. అప్పుడు రెండు గంటలు బస్సులో కూర్చుని ఎదురుగా వెళ్లి చెప్పవలసిన మాటను, ఇప్పుడు ఇంట్లో కూర్చుని ఫోనులో చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది.