మామయ్య సరిచేసిన మోటార్‌సైకిల్

మా మామయ్య కంటికి వంకర కనబడకూడదు. కనబడిందా, ఇక ఆ చెయ్యి ఆగదు. ఎవరింటికి వెళ్ళినా ముందు గోడమీద ఫొటో సర్దుతాడు, ఆ తర్వాతే "బాగున్నారా" అంటాడు. పక్కింటావిడ ఆఫీసుకి ఆలస్యం కాకూడదని గడియారం కాస్త ముందుకి పెట్టుకుంటే, ఎవరూ చూడకుండా దాన్ని సరైన టైముకి తిప్పేసి వచ్చాడు. ఆవిడకి ఆఫీసులో చీవాట్లు పడ్డాయి. ఎందుకు పడ్డాయో ఆ మహాతల్లికి ఇప్పటికీ తెలీదు. మామయ్య చేసిన మంచి చెప్పుకునే రకం కాదు మరి. చెప్పుకుంటే పుణ్యం పోతుందట!

పైగా మనిషి బంగారం. గట్టిగా మాట్లాడడు, ఒకరి జోలికి పోడు, ఎవరైనా మంచాన పడితే అందరికంటే ముందు వస్తాడు. అందుకే తిడదామన్నా ఎవరికీ నోరు రాదు. నాకు మాత్రం వస్తుంది, వినేవాళ్ళు లేకపోయినా సరే.

ఆయన ఉద్యోగం బ్యాటరీల కొట్టులో. మీసం మొలవకముందు చేరినవాడు తల నెరిసినా అక్కడే ఉన్నాడు. కారొచ్చినా, స్కూటరొచ్చినా, ట్రాక్టరొచ్చినా ఒకటే లెక్క: మైనస్ వైరు బండి బాడీకి, ప్లస్ వైరు మిగతా వాటికి. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పల్లా మా నాన్న మోటార్‌సైకిల్‌లో ఉంది.

అది నాన్న పుట్టకముందు తయారైన బండి. దాన్ని అమ్మిన ముసలి డాక్టరు గారు తాళాలు చేతిలో పెడుతూ చెప్పారట: "ఇది పాతకాలం వైరింగ్. దీనికి ప్లస్సే బాడీకి కలపాలి. తిరగేశారో, ఇంజను అందుకోగానే కాలిపోతుంది." నాన్న ఆ మాట గుండెల్లో పెట్టుకున్నాడు. గుండెల్లో పెట్టుకున్నాడే గానీ, ఇంకొకడి చెవిన వెయ్యలేదు.

అమ్మకి పెళ్ళైన కొత్తలో నాన్న ఈ బండి ట్యాంకు మీద మామయ్యని కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. మామయ్య అప్పుడు నిక్కర్లేసుకునే పిల్లాడు. నేనెరిగి ఆయన దేన్నైనా ముద్దుగా చూసేవాడంటే అది ఈ బండినే. తర్వాత బండి మూలపడింది. మా ముందుగదిలో సగం దానిది, సగం మాది. సీటు కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లన్నీ కొరికేశాయి. లైబ్రరీ ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాన్నకి మళ్ళీ దాని మీద మనసు పోయింది. పాత వైర్లు పీకి కొత్తవి లాగడం మొదలుపెట్టాడు. అమ్మ చెవినిల్లు కట్టుకుని పోరింది, గది ఖాళీ చెయ్యమని.

సరిగ్గా అప్పుడే వీధి మలుపులో కొత్తగా కాఫీ హోటలు పెడుతున్నాయన వచ్చి బండిని చూశాడు. "మాకివ్వండి సార్, అందంగా గోడకి తగిలిస్తాం" అన్నాడు.

"నడిచే బండిని గోడకి తగిలిస్తారా?" అన్నాడు నాన్న, ఒళ్ళు మండిపోయి.

"నడిచే బండి ఎక్కడుందండీ?" అంది అమ్మ.

ఆ మాటకి నాన్న మొహం మాడిపోయింది. పౌరుషానికి పోయి అందరి ముందూ మాటిచ్చేశాడు. వచ్చే ఆదివారం పొద్దున బండి వీధి చివరిదాకా వెళ్ళి రావాలి, రాకపోతే హోటలాయన పట్టుకుపోవచ్చు. ఆ వారమంతా నాన్నకి తిండి సయించలేదు.

రెండు వైర్ల చివర చిన్న బల్బు కట్టుకుని, హెడ్‌లైటు దగ్గర్నుంచి వెనక దీపం దాకా ఒక్కో వైరునీ పట్టుకుని నిలదీసేవాడు. సాయంత్రానికి బండి స్టార్టయ్యేది, లైటు దివ్యంగా వెలిగేది. తెల్లారి కిక్కు కొట్టి కాస్త రేజ్ చేసేసరికి టప్పున ఫ్యూజు పోయేది. "ఆఁ, దొంగ దొరికాడు!" అని నాన్న బ్రేకు లైటు వైరు మీద పడేవాడు. మర్నాడు హారన్ వైరు. ఆ తర్వాత డైనమో. పాపం ఏ నేరమూ ఎరగని వైర్లన్నీ వరసగా ఉరికంబమెక్కాయి. ఒక్క బ్యాటరీని మాత్రం అనుమానించలేదు. తన చేత్తో తను బిగించిందాన్ని ఎవరు అనుమానిస్తారు? బ్యాటరీ వైర్లు రెండూ మురికి పట్టి ఒకే నల్లరంగులో ఉన్నాయి, విప్పేటప్పుడు ఏది ఎక్కడుందో చూసుకోలేదు. విప్పేవాడు, మామయ్య కొట్టుకి మోసుకెళ్ళి చార్జింగ్ పెట్టించేవాడు, తెచ్చి మళ్ళీ సరిగ్గా బిగించేవాడు.

"పర్లేదు బావగారూ, ఆదివారానికి నడుస్తుంది చూడండి. నేనున్నానుగా" అనేవాడు మామయ్య. ఆ మాట నిజంగానే అనేవాడు, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మరీ. రోజూ కొట్టు కట్టేశాక మా ఇంటికి వచ్చి, నాన్న స్నానానికి వెళ్తే ఒక్కడే బండి దగ్గర కూర్చునేవాడు. తుడుస్తున్నాడేమో అనుకునేవాళ్ళం.

శనివారం నాన్న విసిగిపోయి, ఫ్యూజు పీకేసి దాని చోట లావుపాటి తీగ చుట్టాడు. సాయంత్రం బండి వీధి చివరిదాకా వెళ్ళింది, వచ్చింది కూడా! నాన్న మొహం చూడాలి అప్పుడు. అమ్మ కూడా మెత్తబడి, "సరేలెండి, గది సంగతి తర్వాత చూద్దాం" అంది. నాన్న ఈలవేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. మామయ్య వచ్చాడు, కూర్చున్నాడు, వెళ్ళాడు.

ఆదివారం పొద్దున హోటలాయన వ్యానుతో సహా దిగాడు. వీధిలో జనం పోగయ్యారు. నాన్న కిక్కు కొట్టగానే బండి బుడబుడమంటూ బయల్దేరింది. నాలుగిళ్ళు దాటిందో లేదో, హెడ్‌లైటు లోంచి పొగ. ఆ వెంటనే సీటు కింద నుంచి. కొత్తగా లాగిన వైరింగంతా కళ్ళముందే కాలిపోయింది. కాలిన వాసన మధ్య నాన్న బండి తోసుకుంటూ వెనక్కి వచ్చి, "తీసుకెళ్ళండి" అన్నాడు.

బండిని వ్యానెక్కించి తాళ్ళు కడుతుంటే మామయ్య నాన్నని పక్కకి తీసుకెళ్ళాడు.

"బావగారూ, మీరు బాధపడతారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. మీ మీద ఎవడో పగబట్టాడు."

"పగేమిట్రా?"

"బ్యాటరీ వైర్లు తిరగేస్తున్నాడు వెధవ! వచ్చి చూసినప్పుడల్లా ప్లస్ బాడీకి ఉంటోంది. నేను రోజూ సరిచేసి, లైటు వేసి చూసుకుని మరీ వెళ్తున్నాను. నిన్న కూడా సరిచేశాను."

నాన్న మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ వెధవని నేనేరా."

ఇదంతా విన్న అమ్మ నెత్తి కొట్టుకుంది. "చెప్పి చావొచ్చు కదరా తమ్ముడూ!"

"బావగారి తప్పు మొహాన ఎత్తి చూపడం మర్యాదా అక్కా?"

"మరి మీకేమొచ్చిందండీ? మీ బండి సంగతి మీరైనా వాడికి చెప్పొచ్చుగా!"

"బ్యాటరీల కొట్టులో తల నెరిసినవాడికి నేను బ్యాటరీ గురించి చెబితే ఏం బాగుంటుంది?" అన్నాడు నాన్న.

"మీ మర్యాదలు తగలెయ్య!" అంది అమ్మ. అవి అప్పటికే తగలబడ్డాయి. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం కూడా మర్యాద కాదు కాబట్టి వ్యాను కదిలింది. మామయ్య చిన్నపిల్లాడిలా ఏడుస్తూ మలుపుదాకా దాని వెనకే పరుగెత్తాడు.

ఆ తర్వాత మా గడప తొక్కలేదు. అమ్మ కబురు పెట్టినా రాలేదు. చివరికి నాన్నే కొట్టుకి వెళ్ళి, చెయ్యి పట్టుకుని కాఫీ హోటలుకి తీసుకొచ్చాడు. నేనూ వెంట వెళ్ళాను.

బండి గోడమీద ఎత్తుగా ఉంది. హెడ్‌లైటుకి హోటలు కరెంటే కలిపేశారు, పొద్దస్తమానం వెలుగుతూనే ఉంటుందట. నాన్న దాన్ని చాలాసేపు చూశాడు. కోపం లేదు గానీ బాధ పోలేదు, నాకు తెలుస్తూనే ఉంది.

"పోన్లేరా. మొత్తానికి లైటు వెలుగుతోంది" అన్నాడు.

మామయ్య కళ్ళు తుడుచుకుని తలెత్తాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి మెల్లగా కుర్చీలోంచి లేవబోయాడు.

"ముందు చక్రం కాస్త వంకరగా..."

నాన్న చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, కాఫీ అందించేవాణ్ణి కేకేశాడు.

"బాబూ, మీ దగ్గర నిచ్చెన ఉంటే లోపల పెట్టి తాళం వెయ్యి."