గాలిమర మెట్ల దగ్గర పాంకోళ్ళ మాస్టారు

మొన్న శనివారం పోట్స్‌డామ్‌లో నా కొత్త బూట్లు దానం చేసొచ్చాను. ఎవరికి చేశానో మాత్రం అడక్కండి, నాకూ తెలీదు!

జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలు స్రవంతి గాలిమర చూపిస్తానని తీసుకెళ్ళింది. ఊళ్ళో నా ఐదో తరగతి పిల్లలకి మాటిచ్చాను మరి, మర పైకెక్కి రెక్కలు తిరిగేది వీడియో కాల్‌లో చూపిస్తానని. అక్కడ సాయంత్రం బడి వదిలేవేళకి, అంటే ఇక్కడ మధ్యాహ్నానికి, అందరూ బళ్ళో ఫోన్ ముందు కూర్చుంటారు.

ముందు డచ్చివాళ్ళ పేటకెళ్ళాం. అన్నీ ఎర్ర ఇటుకల ఇళ్ళు. ఒక ఇంటిని పాతకాలంలో ఉన్నట్టే ఉంచారు, టికెట్ కొని చూడొచ్చు. చెక్క నేల అద్దంలా మెరుస్తోంది! బూట్లతో ఎలా తొక్కుతాం? గుమ్మం పక్కన ఓ అట్టపెట్టె, అందులో పాత కప్పులు, పుస్తకాలు. దాని పక్కనే బూట్లు విప్పి, బళ్ళో పిల్లలకి రోజూ చెప్పినట్టే, వరుసగా పెట్టాను.

లోపల కథ అందుకున్నాను. "మనం చూడబోయే గాలిమర చప్పుడు రాజుగారికి పడలేదట. తీసెయ్యమన్నాడట. మరవాడు కోర్టుకెళ్తానన్నాడట! నీతేంటి? ఎవరి వస్తువు వాళ్ళదే. రాజైనా ముట్టుకోలేడు."

"ఊఁ, ఊఁ" అంటూ స్రవంతి ఫోన్‌లో బస్సు టైములు చూస్తోంది. ఇంక నా కాళ్ళెవరు చూస్తారు!

బయటికొస్తే బూట్లు లేవు.

"ఆ పెట్టె పక్కన పెట్టావా మామయ్యా!" తల పట్టుకుంది. "దాని మీద రాసుంది చూడు, కావాల్సినవాళ్ళు తీసుకెళ్ళండని. ఇక్కడ వాడని సామాను ఇలాగే బయట పెడతారు."

"నేను వాడుతున్నానే!"

"ఆ ముక్క తీసుకెళ్ళినవాడికెలా తెలుస్తుంది?"

డచ్చివాళ్ళ పేట కదా, పక్క కొట్టులో దొరికినవి వాళ్ళు తొడిగే పసుప్పచ్చ చెక్క బూట్లు. స్వాములవారి పాంకోళ్ళకి పెద్దన్నయ్యలు! టకటకమంటూ గాలిమర దగ్గరికి చేరేసరికి పిల్లల కాల్ వచ్చేసింది, ఎత్తాను. మెట్ల దగ్గరి మనిషి నా కాళ్ళు చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. వీటితో ఎక్కితే జారిపడతానట. విప్పేస్తానన్నాను. ఉత్త సాక్సులతో అసలే వద్దట! ఎవరూ అడగనిచోట విప్పానా, ఇక్కడ విప్పుతానన్నా వినేవాడు లేడు.

"నేనెళ్ళి చూపిస్తాలే" అని స్రవంతి ఫోన్ అందుకుంది.

అవతల ఒకటే గోల. "అక్కా, రెక్కలొద్దు! సార్ కాళ్ళు చూపించక్కా! సార్, మీ బూట్లేవీ?"

చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పాను. ఎంత శ్రద్ధగా విన్నారనుకున్నారు!

సోమవారం హెడ్‌మాస్టారి ఫోన్. "ఏమండీ మాస్టారూ, మీ ఐదో తరగతంతా చెప్పులు పుస్తకాల సంచుల్లో దాచుకుని కూర్చుంటోంది. గుమ్మం దగ్గర ఒక్క జతా లేదు. ఏం పాఠం చెప్పారండీ?"

"గాలిమర పాఠమేనండీ" అన్నాను.