చెరువుల రాజు, ఊరి సుల్తాను, మధ్యలో నా పేరు

మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. పగలు ఫిల్మ్ నగర్‌లో ఒక దర్శకుడి ఆఫీసులో కథాచర్చలు, సాయంత్రం నుంచి కాల్ సెంటర్‌లో, ఫోన్లోనే అమెరికావాళ్ల కంప్యూటర్లకు వైద్యం. రెండు చోట్లా నా ముఖ్యమైన పని ఒకటే: తప్పు నాది కాదని నిరూపించుకోవడం.

దర్శకుడిది భీమవరం వైపు. ఆయనకు చారిత్రక సినిమా తీయాలనిపించింది. చెరువులు తవ్వించిన కాకతీయ రాజు గొప్పా, హైదరాబాద్ కట్టించిన గోల్కొండ సుల్తాను గొప్పా, పోల్చి పట్టిక వేసుకు రమ్మన్నాడు. 'రచనా సహకారం' కింద నా పేరు వేస్తానన్నాడు. గత రెండు సినిమాలకూ ఇదే మాట. రెండుసార్లూ మొదటి ఆటకు ఇంటిల్లిపాదినీ తీసుకెళ్లాను. పేర్లు అయిపోయాక మా అమ్మ, "నేనే రెప్ప కొట్టిననేమో బిడ్డా" అంది.

పట్టిక శ్రద్ధగానే వేశాను. ఏం కట్టించారు, అది ఎంతకాలం నిలిచింది, ఇప్పుడు ఎవరికి పనికొస్తోంది. రాజు చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. సుల్తాను ఊళ్లో ఇప్పటికీ ట్రాఫిక్ ఆగుతోంది. మార్కులు కూడితే రాజు గెలిచాడు.

"మీవాడని మార్కులు ఎక్కువ వేసుకున్నావు కదూ?" అన్నాడు దర్శకుడు.

"మాది ఎర్రగడ్డ సార్, సుల్తాను ఊరే. రాజుగారిది వరంగల్."

"అయితే ఇంకా అనుమానంగా ఉంది."

ఆయన వేలు చివరి కాలమ్ దగ్గర ఆగింది. 'అసలు పని ఎవరు చేశారు?' అని పెట్టాను. పెద్ద చెరువుల్లో ఒకటి సేనాని తవ్వించాడట. అక్కడి గుడిని జనం శిల్పి పేరుతో పిలుస్తారు. హైదరాబాద్‌కు నక్షా వేసింది సుల్తాను మంత్రి అంటారు.

"ఇది ఎవరి మీద రాశావయ్యా?"

"చరిత్ర సార్."

"చరిత్రకి నా మీద కోపమెందుకు?"

నిజం చెప్పాలంటే, అప్పటికి నా మీద నాకూ అనుమానం మొదలైంది. పక్కనున్న ప్రొడక్షన్ మేనేజర్ యూసుఫ్‌గూడ మనిషి. వంగి చదివి, "పోరడు మంచిగనే రాసిండు సార్. గని జర చూస్కోండి, గీడ రాజుల కన్నా మీరే ఎక్కువ కనబడుతున్నరు" అన్నాడు. నాకు సాయం చేస్తున్నాడో, నిప్పు రాజేస్తున్నాడో తేలలేదు.

"ఆ కాలమ్ తీసెయ్. నీ పేరు వేస్తాను" అన్నాడు దర్శకుడు.

"ముందు వేయండి సార్, తీసేస్తా."

"నమ్మకం లేదా?"

"రాజులది శిలాశాసనం సార్. మీది నోటిమాట."

ఆయన సొరుగులోంచి టైటిల్స్ కాగితం తీసి నా పేరు రాశాడు. పెన్సిల్‌తో. నా పెన్ను అందించాను. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఆ అక్షరాల మీదే దిద్దాడు. నేను కంప్యూటర్ ముందు కూర్చుని కాలమ్ చెరిపేశాను. తిరిగి చూసేసరికి నా పేరుకు పైన ఇంకో రెండు పేర్లున్నాయి.

"వీళ్లెవరు సార్?"

"కుర్రాళ్లయ్యా. చాలా కష్టపడ్డారు."

దేనికి కష్టపడ్డారో నేను అడగలేదు. సిరా ఇంకా ఆరలేదు, కాగితం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.