కళ్ళు ఆఖర్న పెట్టే మాస్టారు

మా మాస్టారు పోయారన్న కబురు వాళ్ళావిడే ఫోన్ చేసి చెప్పారు. ఉదయం పది గంటలప్పుడు, నేను ఒక టీ పొడి ప్యాకెట్ మీద ఆకు ఎటు వంగాలో తేల్చుకోలేక చస్తున్నాను. "మీ మాస్టారు పోనారమ్మా. టీ తాగి కుర్చీలో కూకున్నారు, మరి లేవలేదు," అన్నారు. నేను నోరు తెరిచేలోపే, "పదకొండో రోజుకి దండేసే ఫొటో నువ్వే సెయ్యాల. కళ్ళు సరిగ్గా పెట్టు," అని కూడా అన్నారు. ఆవిడ ఏడవలేదు. ఏడుపు నాకు అప్పగించి ఫోన్ పెట్టేశారు.

కళ్ళు సరిగ్గా పెట్టు అన్నది మా స్టూడియోలో మామూలు మాట కాదు. అదెందుకో తెలియాలంటే మీకు ఆయన సంగతి కొంత చెప్పాలి.

తొంభైల్లో గానీ ఆ తర్వాత గానీ మీరు విశాఖలో ఉండి ఉంటే ఆయన పని చూసే ఉంటారు. రొయ్యల ఎగుమతి అట్టపెట్టెల మీద మీసం మెలేసిన రొయ్య ఆయనదే. హోల్‌సేల్ ఉల్లిపాయల కొట్ల బోర్డులు, షిప్పింగ్ ఏజెంట్ల క్యాలెండర్లు, కార్మిక సంఘాల రక్తదాన శిబిరాల పోస్టర్లు, పెళ్ళి శుభలేఖలు కూడా. వేటి మీదా ఆయన సంతకం ఉండదు. "మిఠాయి పొట్లం మీద మన పేరెందుకమ్మా, తినీవోడికి నోట్లో అడ్డం," అనేవారు. వన్ టౌన్‌లో ఒక ఇరుకు సందులో మేడ మీద మా స్టూడియో. మెట్లెక్కి వచ్చేవాళ్ళకి ముందు ఆయన నడినెత్తి కనబడేది, ఆ తర్వాతే ఆయన. ఎప్పుడూ తల వంచుకునే ఉండేవారు. మాట్లాడినా బల్లతోనే మాట్లాడుతున్నట్టుండేది.

నేను మద్దిలపాలెంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసి, సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన సర్టిఫికెట్‌ని అటూ ఇటూ తిప్పి, "బోర్డరు బాగోలేదు," అన్నారు. తర్వాత ఒక కాగితం తోసి, "ఎలమంచిలి నుంచి రోజూ పాసింజర్లో వస్తన్నానన్నావు కదా. మీ స్టేషన్ బోర్డు మీద అక్షరాలు ఎలాగుంటాయో గియ్యి," అన్నారు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న బోర్డు, ఒక్క అక్షరం కుదురుగా రాలేదు. మొహం మాడ్చుకుని లేవబోయాను. "రోజూ సూసిందే గీయలేకపోతే సూడందేటి గీస్తాం? రేపట్నుంచి రా," అన్నారు. అది ఉద్యోగం ఇచ్చినట్టో తిట్టినట్టో ఇంటికెళ్ళే దాకా నాకు అర్థం కాలేదు.

మొదటి నెల నన్ను కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. పొద్దున్నే హార్బర్ వైపు తీసుకెళ్ళి పాత ఓడల పక్కన నిలబెట్టేవారు. "తుప్పు ఒకటే రంగనుకున్నావా? సరిగ్గా సూడు." చూస్తే నిజంగానే ఎన్ని రంగులో. బస్తాల మీద అచ్చేసిన అక్షరాలు చూపించి, "ఇది అందంగా ఉండక్కర్లేదు. మోసీవోడికి దూరం నుంచి తెలిస్తే సాలు," అనేవారు. మా కిటికీ గట్టు మీద ఇనుప ఖనిజం దుమ్ము ఎర్రగా పేరుకునేది. విజిటింగ్ కార్డుతో దాన్ని గీకి, రంగుల కార్డు పక్కన పెట్టి మురిసిపోయేవారు. ఒక వెల్డింగ్ షాపు క్యాలెండర్‌కి ఆ రంగే కావాలని ప్రెస్సు వాడితో మూడు రోజులు పోట్లాడారు. క్యాలెండర్ చూసిన షాపు యజమాని "ఏటి మాస్టారూ, మాసిపోయినట్టుంది," అన్నాడు. "ఊరే మాసిపోయింది బావా, నానేటి సెయ్యను?" అన్నారాయన.

ఇంకో పెద్దమనిషి స్వీట్ బాక్సు మీద ముగ్గురు దేవుళ్ళూ, తన ఫొటో, తన నాన్నగారి ఫొటో పడాలన్నాడు. మాస్టారు అన్నీ ఓపిగ్గా రాసుకుని, "లడ్డూకేమైనా సోటుంచమంటారా?" అని అడిగారు.

ఇవన్నీ నవ్వుతూ చెప్పుకునేవి. ఇక నవ్వు రానిదొకటుంది.

మనిషి పోయాక ఇంట్లో మంచి ఫొటో లేదని తెలుస్తుంది. రేషన్ కార్డు మీది మసక మొహమో, ఎవరి పెళ్ళిలోనో వెనక వరసలో నిలబడ్డ తలకాయో పట్టుకుని మా మెట్లెక్కేవారు. ఆ పని మాస్టారు ఎవరికీ ఇచ్చేవారు కాదు. మొహమంతా రంగులతో వేసి, కళ్ళ చోట మాత్రం తెల్ల కాగితం ముక్క అతికించి ఉంచేవారు. ఆ తర్వాత ఇంటివాళ్ళని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. రంగు, రూపం ఏమీ అడిగేవారు కాదు. "కూర బాగోపోతే ఏటనేవోడు? కోపమొస్తే ఎటు సూసేవోడు?" అని అడుగుతూ, వాళ్ళు చెబుతుండగా కాగితం ముక్క తీసి కళ్ళు వేసేవారు. "పోయినోడి కళ్ళు ఫొటోలో ఉండవమ్మా, ఇంటోళ్ళ దగ్గరుంటాయి," అనేవారు నాతో.

అయిపోయాక ఫొటో ఇటు తిప్పితే వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేయడం నేను చాలాసార్లు చూశాను. ఒకసారి డెబ్భై ఏళ్ళ ముసలాయన ఫొటో చూడగానే చేతిలో బీడీ గబుక్కున వీపు వెనక దాచేశాడు. ఫొటోలో ఉన్నది వాళ్ళ నాన్న. ఇంకోసారి మాస్టారు ఒకావిడ బొమ్మకి ఎడమ చెవి కింద చిన్న గాటు పెట్టారు. తెచ్చిన ఫొటోలో ఆ గాటు లేదు, కూతురు చెప్పనూ లేదు. ఆ పిల్ల తెల్లబోయి, "ఇది మీకెలా తెలుసు బాబూ?" అంది. మాస్టారు తలెత్తకుండానే "బ్రష్ జారిందమ్మా," అన్నారు. దయ్యాలంటే నవ్వే మనిషిని నేను. ఆ రోజు నుంచి మాత్రం ఆరబెట్టిన బొమ్మలున్న అల్మరా వైపు వీపు పెట్టి కూర్చోవడం మానేశాను.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి.

ఫొటోషాప్ వచ్చాక ఈ కళ్ళ గొడవకి నేనొక సులువు కనిపెట్టాను. మా దగ్గరికి వచ్చిన పాత ఫొటోలు స్కాన్ చేసినప్పుడల్లా బాగున్న కళ్ళని కత్తిరించి ఒక ఫోల్డర్లో దాచుకున్నాను. మాస్టారికి చెప్పలేదు. అంతలో వాయుగుండం వచ్చింది. సముద్రంలోకి వెళ్ళిన ఒక బోటు తిరిగి రాలేదు. మాస్టారు ఎవరిదో పెళ్ళికని ఊరెళ్ళిన రోజున ఆ బోటులో వెళ్ళిన ఒకతని బావమరిది వచ్చాడు. పెళ్ళి ఫొటో తెచ్చాడు. ఫ్లాష్‌కి కాబోలు, పెళ్ళికొడుకు కళ్ళు మూసుకున్నాడు. "రేపటికి కావాలండి, మనిషైతే దొరకలేదు, ఫొటో అయినా ఉండాల కదా," అన్నాడు. ఫోల్డర్లో వెతికితే స్టీల్ ప్లాంట్ క్వార్టర్లలో ఉంటూ ఈమధ్యే పోయిన ఒకాయన కళ్ళు అచ్చంగా అతికినట్టు సరిపోయాయి. ప్రింటు తీసి చూసుకుని, మాస్టారి కన్నా నేనే నయం అనుకున్నాను కూడా.

మూడో రోజు ఆ బోటు మనిషి భార్య వచ్చింది. అప్పటికి మాస్టారు తిరిగొచ్చేశారు. ఆమె ఫొటోని కొంగులో చుట్టి తెచ్చి బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఈయన మా ఆయన గాడు బాబూ," అంది.

"మీరిచ్చిన ఫొటోయే కదమ్మా," అన్నాను నేను.

"మొహం ఆయనదే. నన్ను సూత్తన్నాడు, కానీ నన్ను ఎరగనోడినాగ సూత్తన్నాడు. పిల్ల ఆ గోడేపు ఎల్లనంటంది."

మాస్టారు ఫొటో తిప్పారు. రెండు క్షణాలు చూశారేమో. "క్వార్టర్ల ఆయన కళ్ళు కదా ఇవి," అన్నారు మెల్లగా. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కసురుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

కళ్ళ మీద తెల్లరంగు పూసి, ఆమెని ఎదురుగా కూర్చోమన్నారు. "ఆ రోజు బోటెక్కినప్పుడు ఎటు సూసినాడమ్మా?"

"ఎండ మొహమ్మీద కొట్టింది బాబూ. కళ్ళు సికిలించుకుని నా యేపే సూసినాడు. ఏటో మర్సిపోనాను అనుకున్నట్టు."

ఆయన బ్రష్ తీసుకున్నారు. ఎండకి చికిలించిన కళ్ళు, కనుబొమల మధ్య ఏదో గుర్తు రానట్టు చిన్న ముడి. ఆమె చూసింది. "ఆఁ. ఈయనే," అంది. బోటు రాలేదన్న రోజు నుంచీ ఏడవలేదట, మా బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

మర్నాడు మాస్టారు నన్ను బస్సెక్కించి స్టీల్ ప్లాంట్ క్వార్టర్లకి తీసుకెళ్ళారు. పోయినాయన భార్యది గోదావరి వైపు ఊరు. ఏం జరిగిందో మేమింకా చెప్పకముందే, కాఫీ గ్లాసు చేతికిస్తూ ఆవిడ అన్నారు. "అదేంటోనండీ, నాలుగు రోజుల్నుంచీ ఆయన ఫొటో వైపు చూస్తే ఇంట్లో ఎవరూ లేనట్టు ఉంటోందండి." నేను గ్లాసు కింద పెట్టేశాను. మాస్టారు ఫొటో దింపించి నా చేతికిచ్చి, "ఆయన్నే సెమించమని అడుగు," అన్నారు. ఇరవై నాలుగేళ్ళ దాన్ని, డిగ్రీ చదివినదాన్ని, అద్దం వెనకున్న మనిషితో పైకే అన్నాను: "మీ కళ్ళు మీకు చెప్పకుండా తీసుకున్నానండి. తప్పయిపోయింది." ఆవిడ విషయం గ్రహించారో లేదో గానీ ఫొటో తీసుకుని కొంగుతో తుడిచి, "ఇప్పుడు బాగున్నారు," అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకే మాట అన్నారు మాస్టారు. "ఒకరి సూపు ఇంకొకరికి అతకదమ్మా." స్టూడియోకి వెళ్ళగానే ఆ ఫోల్డర్ తీసేశాను. నిజంగా తీసేయమంటావా అని కంప్యూటర్ అడిగినప్పుడు, గదిలో చాలామంది లేచి నిలబడ్డట్టనిపించింది. అప్పుడు మాస్టారు కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నారు, దారి ఇచ్చినట్టు. నా భ్రమే అయ్యుంటుంది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి, బ్రష్ పని పోయింది. నేను మద్దిలపాలెంలో ఒక అడ్వర్టైజింగ్ ఆఫీసులో చేరాను. ఈరోజు నేను ఒక అక్షరం పక్కన ఎంత ఖాళీ వదలాలో తెలుసుకుని వదులుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్షే. అది ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. చెప్పినా బల్లకేసి చూస్తూ "సర్లే," అనేవారు.

ఇక ఆయన ఫొటో సంగతి. స్టూడియోలో, ఇంట్లో, బంధువుల ఆల్బముల్లో ఉన్న ఫొటోలన్నీ పోగు చేశాను. అన్నిటిలోనూ ఆయన తల వంచుకునే ఉన్నారు. సొంత పెళ్ళి ఫొటోలో కూడా తలంబ్రాల పళ్ళెంలోకి చూస్తున్నారు. కళ్ళెత్తింది ఓటరు కార్డులో ఒక్కచోటే. అవి కెమెరాని చూసి బెదిరిన కళ్ళు, ఆయనవి కావు. అడుగుదామంటే ఆయన లేరు. ఇంకొకరి కళ్ళు ముట్టుకునే ధైర్యం నాకు లేదు. ఏడో రోజుకి కూడా కళ్ళ చోట తెల్ల కాగితమే ఉంది. ఎరగని చూపొకటి ఆవిడ ఇంటి గోడకి తగిలించి వస్తానేమోనని భయం పట్టుకుంది.

ఎనిమిదో రోజున వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. "అమ్మా, మాస్టారు మిమ్మల్ని ఎలాగ చూసేవారు?"

ఆవిడ నవ్వేశారు. "నన్నా? ముప్పై యేళ్ళు కాపరం సేసినాను, తలెత్తి సూసినాడేటి? స్టూడియోలో బల్లని సూసినాడు, ఇంట్లో కంచాన్ని సూసినాడు. ఊర్లో పోయినోళ్ళందరి కళ్ళూ తెలుసు ఆయనకి. నా కళ్ళు ఏ రంగో అడిగితే సెప్పలేడు." నవ్వుతూనే ఉన్నారు, కళ్ళు మాత్రం తడిశాయి.

అప్పుడు తెలిసింది నాకు ఏం చేయాలో. ఆయన్ని కళ్ళెత్తి చూసేలా చేస్తే అది అబద్ధం. ఇంటికొచ్చి, కంప్యూటర్ కట్టేసి బ్రష్ పట్టుకున్నాను. రెప్పలు వాల్చి, కింద సన్నగా నల్లగుడ్డు కనబడేలా, గోడ ముందు రెండడుగుల దూరంలో ఒక బల్ల ఉంటే దాని మీద చూపు పడేలా వేశాను.

పదకొండో రోజున ఆవిడ తమ్ముడికి కోపమొచ్చింది. "తల దించుకున్నోడికి దండేత్తారేటి? ఏటో తప్పు సేసినోడినాగ!" ఆవిడ బొమ్మ చూశారు, మేకు చూశారు. "తగిలించీ," అని వంటింట్లోకి వెళ్ళిపోయారు. బాగుందనలేదు, బాగోలేదనలేదు. నేను ఆ రోజు భోజనం చేయలేకపోయాను.

నెల మాసికానికి వెళ్ళినప్పుడు ఆవిడ కత్తిపీట ముందేసుకుని బెండకాయలు కోస్తున్నారు. వంటింటి గుమ్మం దగ్గర కూర్చున్నారు. బొమ్మున్న గోడకి పది అడుగుల దూరం ఉంటుంది.

"ఇక్కడ కూర్చున్నారేంటమ్మా, గాలి కూడా రాదు," అన్నాను.

"మొదట గోడ కిందే కూకునేదాన్ని. అక్కడే పడేది సూపు. రోజూ పీట కాస్త ఇలాగ జరుపుకుంటూ వచ్చినాను. జరిపినంత మట్టుకూ సూపు కూడా వస్తంది," అన్నారు ఆవిడ, బెండకాయ తొడిమ తీస్తూ.

నేను వేసిన బొమ్మ అది. చూపు ఎక్కడ పడాలో కొలిచి వేశాను. అదే మాట చెబుదామని ఆవిడకీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని తలెత్తాను. వాల్చిన రెప్పల కిందనుంచి మాస్టారు నా మొహంలోకే చూస్తున్నారు. ఆయన దగ్గర అన్నేళ్ళు పనిచేసి కూడా ఆయన కళ్ళు తేనె రంగువని అప్పటిదాకా నాకు తెలియదు. నేను వేసింది నలుపు.

చూపు తిప్పుకోకుండా అలాగే కూర్చుండిపోయాను. వెనకనుంచి ఆవిడ చేత్తో నా భుజం తట్టారు.

"కాస్త పక్కకి జరగమ్మా," అన్నారు. "అడ్డొస్తన్నావు."