కొంగు చివర మామిడి పిందె

ధర్మవరంలో మా చిన్నప్పుడు... ఆదివారం సాయంత్రమైతే మగ్గాల చప్పుడు ఆగిపోయేది. వీధి వీధంతా ఓబులేసు మామ వాళ్ళ నడవలో చాపల మీద చేరేది. మా వీధికి అదొక్కటే టీవీ మరి... అదీ నలుపు తెలుపు.

సినిమా మధ్యలో ప్రకటనలొచ్చేవి. అప్పుడే అందరికీ నీళ్ళు, బీడీలు గుర్తొచ్చేవి.

ఒకసారి బిస్కెట్ల ప్రకటన వచ్చింది. ఒకావిడ వంగి, పిల్లవాడి మూతికంటిన పొడిని పట్టుచీర కొంగుతో తుడిచి, తనలో తానే నవ్వుకుంది. అంతే... మా నాయన దిగ్గున లేచి నిలబడ్డాడు.

"అది నేను నేసిన చీర!"

అందరూ గొల్లున నవ్వారు. "ఏం బావా, దేశానికంతా నువ్వొక్కడివే నేస్తాండావా?" అన్నాడు మామ.

"కొంగు కడాన మామిడి పిందె చూడు బావా... అన్నీ ఒక పక్కకుంటే అదొక్కటి ఇంకో పక్కకు తిరిగుండాది. మా పాపకు జొరమొచ్చిన దినం నేసింది. మనసు ఈడ లేక, పిందెలు తేల్చే మగ్గం అట్టలు తిరగేసి కట్టినా."

ఆ పాప నేనే. కానీ ప్రకటన అప్పటికే అయిపోయింది, ఎవరూ సరిగ్గా చూడలేదు. ఆ వారమంతా నాయన కనిపిస్తే చాలు, "టీవీకి చీరలు నేసేటాయప్ప వస్తాండాడు" అని ఒకటే ఆటపట్టించడం. నాయన నవ్వలేదు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మరుసటి ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని అందరికంటే ముందు వెళ్ళి కూర్చున్నాడు. ఈసారి ప్రకటనలకు ఎవరూ లేవలేదు. ఆవిడ వచ్చింది... వంగింది... నాయన వేలు తెరకు ఆనించాడు. పిందె తిరిగే ఉంది!

"నీదేలే బావా..." అన్నాడు మామ, మెల్లగా.

మా అమ్మ మాత్రం ఆవిడనే చూస్తోంది. "పట్టుకొంగని కూడా చూసుకోకుండా ఎట్ల తుడిసిందో... కన్నతల్లి మాదిరి" అంది. నిజమే. ఆ పిల్లవాడు ఆవిడకు ఏమవుతాడో, అసలు ఏమీ కాడో! అర నిమిషంలో అమ్మ అయిపోయింది.

"ఆయమ్మ పేరేమి?" అని అడిగాడు నాయన. ఎవరికీ తెలియదు. సినిమాకైతే పేర్లు వేస్తారు... ప్రకటనకు ఎవరు వేస్తారు? నేసినవాడి పేరు చీర మీద వేస్తారా?

కొన్నాళ్ళకు ఆ ప్రకటన ఆగిపోయింది. ఆవిడ మళ్ళీ ఎక్కడా కనిపించలేదు. నాయన మాత్రం ప్రతి ఆదివారం ప్రకటనలన్నీ చూసేవాడు. సినిమా మళ్ళీ మొదలవగానే లేచి ఇంటికొచ్చేసేవాడు.

ఇప్పుడు నాయన లేడు. ఫోన్లో ప్రకటనను దాటేసే మీట మనందరి వేలి కిందే ఉంది... నాకైతే నొక్కబుద్ధి కాదు.

పేరు తెలియని అలాంటి ముఖం మీకూ ఒకటి గుర్తుండే ఉంటుంది... చెప్పండి, వింటాను.

అమ్మా, బిస్కెట్ల ప్రకటనలో కనిపించిన అమ్మా... ఆ చీర ఇంకా మీ దగ్గరే ఉంటే, కొంగు చివర ఒక్కసారి చూడండి. మా నాయనకు పని రాక కాదు... ఆ రోజు నాకు జ్వరం.