స్కేలు టీచర్ గదిలో మాటలు

ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది గానీ ఆ వీధిలో దాన్ని వాడినవాళ్ళు లేరు. పిల్లలకీ, పిల్లల తల్లులకీ, ఆఖరికి పాలవాడికి కూడా ఆవిడ స్కేలు టీచరే. పందొమ్మిదేళ్ళుగా ఒకే గదిలో మూడు నాలుగేళ్ళ పిల్లల్ని కూచోబెడుతోంది. చేతిలో అడుగు పొడవు చెక్క స్కేలు. నోరు తెరిస్తే అరచేతి మీద, మళ్ళీ తెరిస్తే వేళ్ళ కణుపుల మీద. ఇరవై ఇద్దరు పసివాళ్ళున్న గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడుతుందంటే, తల్లిదండ్రులు అబ్బో అని మెచ్చుకునేవాళ్ళు.

ఆవిడేం రాక్షసి కాదు. పుట్టింట్లో చూసింది అదే. లేత్ మిషన్ మీద పనిచేసే తండ్రి ఇంట్లో అడుగుపెడుతూనే బెల్టు విప్పేవాడు. "ఇంత ఆలస్యమైందేం?" అని ఓసారి అడిగిన పాపానికి తల్లి దవడ పక్కకి జరిగింది. బతికినన్నాళ్ళూ ఆమె ఒక పక్కే నమిలింది. అడిగితే దెబ్బ పడుతుంది, నోరు మూసుకుంటే బతుకుతాం. చిన్నప్పుడు ఒంటబట్టిన ఆ పాఠాన్నే ఆవిడ పిల్లలకి మంచి అనుకుని నేర్పింది.

అలాంటి గదిలోకి ఒక ఏడాది బొంగరం వచ్చింది. మూడున్నరేళ్ళ పిల్ల. ఒకచోట నిలవదు, గిర్రున తిరుగుతుంది, ఒక్క మాట మాట్లాడదు. మాటకి బదులు చెయ్యి, చేతికి బదులు పళ్ళు. వచ్చిన నాలుగో రోజే పక్కపిల్ల బుగ్గ కొరికి నెత్తురు కళ్ళజూసింది. టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి పట్టుకుని ఎంత బలంగా కొట్టిందంటే స్కేలు రెండు ముక్కలైంది. పిల్ల కిక్కురుమనలేదు. ఎర్రగా పొంగిన అరచేతిని ఒకసారి చూసుకుని, రెండో చెయ్యి చాపింది.

టీచర్ చేతిలో మిగిలిన స్కేలు ముక్కని కింద పడేసింది. ఆ రెండో చెయ్యి తనకి తెలుసు. అదీ కొట్టేస్తే ఇవాళ్టికి అయిపోతుందని తండ్రి ముందు తానూ అలాగే చాపేది.

ఆ మధ్యాహ్నం ఆవిడ అన్నం సగంలో వదిలేసింది. చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్తే, అక్కడ గది ఊడ్చే ఆయమ్మ బొంగరానికి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూచుంది. పిల్ల మగ్గుతో నేల మీద రెండుసార్లు కొట్టింది. ఆయమ్మ చీపురు మొదలుతో రెండుసార్లు కొట్టింది. పిల్ల మూడు కొట్టింది. ఆయమ్మా మూడే కొట్టి, ఆగి, పిల్ల మొహంలోకి చూసింది.

"ఏంటా గోల ఆయమ్మా?"

"గోల కాదు టీచరమ్మా, మాట్లాడుకుంటున్నాం."

"దానికి మాటలెక్కడున్నాయి?"

"అది ఏదో అంది, నేను బదులిచ్చా. బదులొస్తుందని తెలిస్తేనే కదా ఇంకోసారి అంటుంది! మీ గదిలో ఎవరు ఏమన్నా వచ్చేది దెబ్బేనాయె." ఆ మాట అనేసి ఆయమ్మ నాలిక్కరుచుకుంది. ఉద్యోగం ఊడిందనే అనుకుంది పాపం.

టీచర్ చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు మాత్రం కుర్చీ గోడకి జరిపి, మోకాళ్ళు కటకటమంటుంటే నేల మీద కూచుంది. ఏం చెయ్యాలో తెలిస్తేగా! ఒక పిల్ల గోడ మీద పురుగుని చూపిస్తే "అవును, పురుగు" అంది. ఇంకేం అనాలో తోచక, "ఎక్కడికి పోతోందంటావ్?" అని అడిగి ఊరుకుంది. ఆ పిల్ల భయంతో అరచేతులు వెనక్కి దాచుకుంది. చాలాసేపటికి, "వాళ్ళమ్మ దగ్గరికి" అని గొణిగింది. నెల తిరిగేసరికి గది సంతలా తయారైంది. బడి నడిపే పెద్దావిడ గుమ్మంలో నిలబడి, "నీకేమైనా మతిపోయిందా?" అని కేకలేసింది.

బొంగరం మాత్రం లొంగలేదు. ఒకరోజు పెరట్లోంచి పెంకు ముక్క తెచ్చింది. "బరువుగా ఉందా?" అని టీచర్ వంగి అడిగిందో లేదో, పిల్ల దాన్ని బలంగా విసిరింది. కనుబొమ్మ చీలింది. కంట్లోకి నెత్తురు కారుతుంటే టీచర్ చెయ్యి తనంతట తాను పైకి లేచింది. లేచిన చేతిని ఆవిడ రెండో చేత్తో పట్టుకుని కిందికి దించింది.

"నొప్పిగా ఉంది," అంది. "నాకు చాలా నొప్పి."

పిల్ల దగ్గరికొచ్చి నెత్తురు ముట్టుకుంది. "నొప్పి," అంది. దాని గొంతు ఆ గదిలో వినడం అదే మొదలు.

"ఊఁ, నొప్పి. నీకుందా?"

"అమ్మకి."

"అమ్మకెక్కడ?"

బొంగరం రెండు చేతులతో తన మెడనే బిగించి చూపించింది.

సాయంత్రం టీచరూ ఆయమ్మా కలిసి ఆ తల్లి పనిచేసే ఇస్త్రీ కొట్టుకి వెళ్ళారు. ఆమె పైట జరిపి చూపించింది. మెడ చుట్టూ, మొగుడు బిగించిన కరెంటు తీగ కోసిన గాటు. వారం తిరక్కుండానే తల్లీకూతుళ్ళు ఆ తల్లి అక్కగారింటికి మారిపోయారు.

బొంగరం తండ్రి లారీల మెకానిక్. మర్నాడు పొద్దున్నే జాకీ రాడ్డు పట్టుకుని బడికొచ్చాడు.

"నా కూతుర్ని బయటికి పంపు. దాని నోరు తెరిపించింది నువ్వేగా!"

టీచర్ ఆయమ్మని, పిల్లల్ని లోపలికి నెట్టి, తలుపు లాగి బయట గడియపెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది. జీవితంలో ఏ మగాడికీ ఎదురు నిలవలేదు. "పంపను," అంది.

మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు ఆవిడకే వినబడింది. రెండోది భుజం మీద. నేలకూలినా వాడి కాలు పట్టుకుని వదల్లేదు, పిక్క కొరికింది. వాడు బూటుకాలితో డొక్కలో తన్నాడు. మళ్ళీ తన్నాడు. లోపల ఆయమ్మ కిటికీ తీసి, "అరవండర్రా!" అంది. ఇరవై ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచారు. వీధి దద్దరిల్లింది.

ఎదురు షెడ్డులోని వెల్డర్లు పరిగెత్తుకొచ్చారు. రాడ్డు లాక్కుని, దాంతోనే వాడి ముక్కూ మూతీ ఏకం చేశారు. పళ్ళు రాలాయి. ఒకడు రాడ్డు తల మీదికి ఎత్తాడు.

"చాలు!" అని టీచర్ నేల మీంచే గట్టిగా అరిచింది. "లోపల పిల్లలు వింటున్నారు. ఇంక చాలు."

రాడ్డెత్తిన వెల్డరే వాణ్ణి వదిలి, ఆవిణ్ణి ఎత్తి ఆటోలో పడుకోబెట్టాడు. తల ఒళ్ళో పెట్టుకుని అన్నాడు: "టీచర్, నేను మీ దగ్గరే చదివా. ఒకరోజు నీళ్ళు అడిగినందుకు ఈ వేలు విరగ్గొట్టారు. గుర్తుందా?"

వంకరగా అతుక్కున్న చిటికెనవేలు ఆవిడ కళ్ళ ముందు పెట్టాడు. టీచర్ గుర్తు తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించింది. అలాంటి రోజులు ఎన్నో! అతను చెప్పిన ఆ ఒక్క రోజు దొరకలేదు.

"గుర్తులేదు బాబూ," అంది. విరిగిన చేతికన్నా ఆ మాటే ఎక్కువ బాధపెట్టింది. క్షమించమనడానికి నోరు రాలేదు. "ఆ తర్వాత ఏమైంది, చెప్పు," అంది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. ఆస్పత్రి వచ్చినా ఆపలేదు. బడిలో దాహమేసినా అడగడం మానేశాడట. పెద్దయ్యాక పెళ్ళాం మీద ఒకసారి చెయ్యిచేసుకున్నాడట. ఆవిడ "ఊఁ" అంటూ అంతా విన్నది.

మెకానిక్‌కి ఆరేళ్ళ జైలు పడింది. టీచర్ మోచెయ్యి మళ్ళీ పూర్తిగా వంగలేదు. మూడు నెలల తర్వాత బడికి తిరిగొస్తే పిల్లలంతా మీద పడ్డారు, ఎవరికివాళ్ళే తమ మాటే ముందు వినాలని. బొంగరం అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది.

"నీ చెయ్యి ఎవరు విరగ్గొట్టారు?" అని అడిగింది, తనకి తెలిసినా.

టీచర్ ఆ ప్రశ్నని దాటవెయ్యలేదు. పిల్లని దగ్గరికి తీసుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది.